మాఱిన వానలు - మన చెఱువులు - మన ధర్మము

(నిర్మల్ పట్టణమున జరిగిన గంగపుత్ర కులబాంధవుల వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



విద్యావ్యాప్తిని గూర్చి మాటాడవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరిరి. జీవితమంతయు బడిపిల్లల నడుమ గడపినవాడను గావున అది నాకు తగిన విషయమే. కాని యీ సంవత్సరము సభకు చందాలు పోగుచేయుటకై మనవారి యిండ్లకు బోయినపుడు నేను వినిన మాటలు చదువును గూర్చినవి గావు, వానను గూర్చినవి. ఒక యింట 'చెఱువు నిండక పిల్లచేపలు పోయలేదు' అనిరి. మఱొక యింట 'చెఱువు నిండి మత్తడి దూకి, పోసిన పిల్లలన్నియు కొట్టుకొనిపోయినవి' అనిరి. ఈ రెండిండ్లును ఒకే మండలములోనివి. ఒకే యేటి కథలు. అందుచే వారి యనుమతితో విషయమును మార్చుకొంటిని. క్షమింతురు గాక.

మృగశిర కార్తె ప్రవేశించిన దినమున చేపకూర తినుట మన తెలంగాణమున అన్ని కులములవారును పాటించు నాచారము. ఆనాడు మన యాడవారి గంపలు ఖాళీ యగుటకు జాముప్రొద్దు పట్టదు. ఆచారము నిలిచియున్నది, కాని మృగశిరతో రావలసిన వాన మాత్రము పలుమాఱు మాట తప్పుచున్నది. ఆర్ద్రలో ఆకాశము వట్టిదగును. పునర్వసు పుష్యములలో నెలవాన యొక్క రాత్రి కురియును. మరల ఇరువది దినములు ఎండ కాయును. కార్తెలనుబట్టి వల బాగుచేసికొనుట, పిల్లచేపలకు చెప్పియుంచుట, అప్పు తీర్చు గడువు పెట్టుకొనుట మనకు తండ్రితాతలనాటి లెక్క. ఆ లెక్క నేడు తప్పుచున్నది.

వానయొక్క మేలును కీడును మొత్తమునుబట్టి గాక పంపకమునుబట్టి నిర్ణయింపవలెనని మన పూర్వులు తెలిసియుండిరి. కౌటిల్యుడు తన యర్థశాస్త్రమున, ధాన్యాగారము ముందఱ మూరెడు వెడల్పుగల పాత్రనుంచి వానను గొలువవలెనని విధించెను. ఆయా దేశములకు ఇంతింత వానయని చెప్పుచు అశ్మక దేశమునకు 13½ ద్రోణములని వ్రాసెను. అశ్మకుల రాజధాని యైన పోదనము నేటి నిజామాబాదు జిల్లాలోని బోధన్ అని పలువురు చరిత్రకారుల యభిప్రాయము. అనగా గోదావరికి ఆవలిగట్టున, మనకు పొరుగుననే యున్న నేలవాన ఆనాటికే లెక్కకెక్కినదన్నమాట. అంతతో నాగక, శ్రావణ కార్తికములలో మూడవవంతును, నడుమనున్న భాద్రపద ఆశ్వయుజములలో రెండువంతులును కురిసిన యేడు మంచి యేడని యాయన చెప్పెను. మన జిల్లాలో ఏటికి సుమారు వేయి మిల్లీమీటర్ల వాన పడును. ఆ వేయియు నాలుగు నెలలలో నెమ్మదిగా పడినచో భాగ్యము. నాలుగు రాత్రులలో పడినచో ఉపద్రవము.

పంపకము ఇట్లేల చెడినది? బొగ్గును, రాతినూనెను మండించుటవలన లోకమంతట గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగినది. యంత్రయుగమునకు ముందు పదిలక్షల పాళ్ల గాలిలో సుమారు 280 పాళ్లుండిన యీ వాయువు నేడు 420 దాటినది. అది కంబళివలె భూమి వేడిమిని పోనీయక పట్టి యుంచును. 1850-1900 నడుమనున్న కాలముతో పోల్చినచో 2011-2020 దశాబ్దములో భూగోళపు సగటు వేడిమి సుమారు 1.1 డిగ్రీలు హెచ్చినదని వివిధ దేశముల శాస్త్రజ్ఞులు కూడి 2021 సంవత్సరమున నివేదించిరి. 2024 సంవత్సరము అంతవఱకు లెక్క గట్టిన యేండ్లన్నిటిలోను మిక్కిలి వేడి యైనది. ఒక్క డిగ్రీ వేడిమికి గాలి నూటికి సుమారు 7 పాళ్లు హెచ్చు ఆవిరిని మోయగలదు. చిన్నకుండ నిండి పలుమాఱు పొరలును. పెద్దకుండ నిండుటకు ఆలస్యమగును, ఒలికినపుడు వీధి తడియును. 1950 మొదలు 2015 వఱకు గల లెక్కలను శోధించి, మధ్యభారతమున విస్తారముగా గురియు అతివృష్టులు మూడింతలైనవని శాస్త్రజ్ఞులు తేల్చిరి. మనము ఆ మధ్యభారతపు దక్షిణపుటంచున నున్నాము.

ఈ విషయమున అతిశయోక్తి పనికిరాదు. ఒక వరదను జూపి 'ఇది కేవలము భూతాపమువలననే వచ్చినది' యనుట శాస్త్రసమ్మతము గాదు. మన కడెము ప్రాజెక్టునే చూడుడు. 1958 ఆగస్టు నెలలో నీరు కట్టమీదుగా పొరలి, ఆ క్రొత్తకట్టకు గండి పడెను. పిమ్మట వరదద్వారములను పెంచి పదునెనిమిది చేసిరి. కావున పెద్దవరదలు పూర్వము లేవని యెవరును చెప్పజాలరు. కాని 2022 జులై నెలలో ఆ పదునెనిమిది ద్వారములును విడువగలిగినది సెకనుకు సుమారు 3 లక్షల ఘనపుటడుగుల నీరు కాగా, వచ్చినది 5 లక్షలకు మించినది. దిగువ గ్రామములవారు ఇండ్లు విడిచి రాత్రివేళ బయలుదేఱవలసి వచ్చెను. కట్ట నిలుచునో నిలువదో యని జిల్లా యంతయు మేలుకొని యుండెను. ఏడాది తిరిగి 2023 జులై వచ్చుసరికి మరల కొన్ని ద్వారములు తెఱచుకొనక, నీరు వానిమీదుగా పొరలెను. అంతకు ముందు 2021 జులైలో మన నిర్మల్ పట్టణముననే స్వర్ణవాగు పొంగి జి.ఎన్.ఆర్. కాలనీ నీటమునిగెను, భైంసాలో గడ్డెన్నవాగు ఇండ్లలో జొచ్చెను. మూడేండ్లు వరుసగా మూడు జులైలు! తాతనాడు ఒకసారి వినిన మాటను మనుమడు ఏటేట వినుచున్నాడు. శాస్త్రజ్ఞులు చెప్పునదియు నిదియే.

ఇంతవఱకు అందఱి కష్టమును జెప్పితిని. ఇక మన కష్టమును జెప్పెదను. రైతునకు నీరు పొలమునకు వచ్చు సాధనము. మనకు నీరే పొలము. ఆ పొలము ఒకయేడు ఎండిపోవుచున్నది, ఒకయేడు పొరలిపోవుచున్నది.

బొచ్చె, రవ్వు, మృగాల మొదలగు పెద్దజాతి చేపలు పాఱునీటిలో గాని గ్రుడ్లు పెట్టవు. నిలుకడ నీటి చెఱువులలో వాని సంతతి సాధారణముగా పెరుగదు. అందుచే ఏటేట పిల్లలను దెచ్చి పోయవలయును. 2016 మొదలు ప్రభుత్వమువారు ఉచితముగా పిల్లల నిచ్చు పద్ధతి నేర్పఱచిరి, మంచిదే. కాని చెఱువు నిండినగాని పోయరాదు. నిండుట ఆలస్యమైన యేడు పిల్లలు ఎదుగుటకు నెలలు చాలవు. నిండినదని పోసిన వారమునకే అతివృష్టి వచ్చెనా, వ్రేలెడు పిల్లలు మత్తడి దూకి వాగున పడి పోవును. ఆ పిమ్మట సంవత్సరమంతయు వల విసరినను తుంగగడ్డ తప్ప చేతికి రాదు.

ఎండకాలపు కష్టము కంటికి కనబడనిది. 20 డిగ్రీల నీటిలో లీటరునకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు నిలుచును. 30 డిగ్రీల నీటిలో సుమారు 7½ మాత్రమే నిలుచును. మన జిల్లాలో రోహిణి యెండ 45 డిగ్రీలకు ఎక్కుచున్నది. నీరు తక్కువ, వేడిమి యెక్కువ, నాచు దట్టము. రాత్రివేళ ఆ నాచే మిగిలిన ప్రాణవాయువును పీల్చుకొనును. తెల్లవాఱుజామున చేపలు మీదికి వచ్చి నోళ్లు తెఱచుటయు, ప్రొద్దెక్కునప్పటికి వెల్లకిల తేలుటయు మీరు చూచియే యుందురు. 'ఎవడో విషము కలిపినాడు' అని పొరుగువానిపై పడుదుము. విషము కలిపినవాడు గొన్నివేళల నుండవచ్చును. కాని పెక్కుసారులు ఆ నేరము ఊపిరాడని నీటిదే. పైకి వచ్చి గాలి పీల్చగల కొఱ్ఱమీను మాత్రము కొంత తాళును. అదియు చెఱువు అడుగు కనబడువఱకే.

సోదరులారా! మనము గంగపుత్రులమని చెప్పుకొందుము. భీష్ముని పేరిటివారమని గర్వింతుము. గర్వింపదగినదే, కాని ఆ తల్లి కథలో ఒక మాటను మఱచితిమి. భగీరథుడు తపస్సు చేసి గంగను మెప్పించినాడు గాని, ఆమె దుముకు వేగమును భూమి యోర్వజాలదని తెలిసి, మరల శివునిగూర్చి తపస్సు చేయవలసి వచ్చెను. శివుడు ఆమెను జడలలో నిలిపి, పిమ్మట మెల్లగా విడిచెను. నీరు దొరకుట సగము పని. నీటిని నిలుపుట మిగిలిన సగము. మన చెఱువులే యీ దేశపు జడలు. ఒక చెఱువు మత్తడి నీరు క్రింది చెఱువున, దాని మత్తడి నీరు మఱియొక చెఱువున చేరునట్లు గొలుసుకట్టుగా మన పెద్దలు నిర్మించిరి. నిర్మల్ చుట్టును ధర్మసాగరము, కంచరోని చెఱువు మొదలగునవి ఆ ప్రకారముననే యున్నవి. దుముకు నీటిని పట్టుట, ఎండునాటికి దాచుట - ఈ రెండు పనులకును చెఱువే సాధనము. వాన దారితప్పిన యీ కాలమునకు కావలసిన మందు మన తాతలు ముందే చేసియుంచిరి. మనము దాని సీసాను పగులగొట్టుకొనుచున్నాము.

ఎట్లందురా? శిఖము భూములు ఇండ్లస్థలము లగుచున్నవి. పాటుకాలువలు పూడిపోయి వాని మీద దుకాణములు లేచినవి. 2015 మొదలు మిషన్ కాకతీయ పేరిట, రాష్ట్రమున గల 46 వేలకు పైబడిన చెఱువులలో పూడిక దీయుటకు ప్రభుత్వమువారు పూనిరి. పూడిక దీసినచోట నీరు నిలిచినమాట నిజము. కాని దీసిన పూడిక తిరిగి చేరకుండ చూచుటకు ఊరివారు లేనిచో ఎంతటి ప్రభుత్వమైనను ఏమి చేయగలదు? పూర్వము నీరటికాడు ఒక్కడే తూమును, మత్తడిని, కట్టను కన్నుకట్టి కాచెడివాడు. నేడు నీరటి లేడు. ఆ స్థానము ఖాళీగా నున్నది. ప్రతిదినము చెఱువు ముఖము చూచువారము ఊరిలో మన మొక్కరమే. కావున ఆ పని మనది.

ఇచ్చట నా బాల్యమునాటి యొక సంగతిని మనవి చేయనిండు. నేను ఆఱవ తరగతి చదువుచున్న కాలమున, చేపలు పోకుండ మా బాపు మత్తడికి అడ్డముగా వల కట్టియుండెను. ఆ యేడు చేప బాగుగా పెరిగినది. దానిమీదనే మా యక్క పెండ్లి నిశ్చయమైనది. భాద్రపదమున ఒక రాత్రి కుంభవృష్టి కురిసెను. తుంగయు, కొమ్మలును, గుఱ్ఱపుడెక్కయు వచ్చి వలకు చిక్కి గోడవలె నిలిచినవి. మత్తడి సాగక నీరు కట్టపైకి ఎగబ్రాకుచుండెను. నీరటి లాంతరు పట్టుకొని వచ్చి మా వాకిట నిలిచి ఒక్కమాట యనక ఊరకుండెను. ఏమనగలడు? బాపు కొడవలి తీసికొని, నడుముకు త్రాడు కట్టుకొని, మత్తడిలోనికి దిగి వలను కోసివేసెను. ఆ చప్పుడు నాకిప్పటికిని వినబడుచున్నది. తిరిగివచ్చి, ఏడ్చుచున్న మా యమ్మను జూచి, "చాపలు మల్ల పెరుగుతయి. ఊరు కొట్టుకపోతె మల్ల రాదు" అనెను. అక్క పెండ్లి ఆ యేడు నిలిచిపోయెను. అయితే ఆ సంక్రాంతికి కట్టక్రింది రైతులందఱు తలకొక కుంచెడు వడ్లు కొలిచి మా యింట పోసిరి. ఎవరును ఆజ్ఞాపింపలేదు, కాగితము వ్రాసికొనలేదు.

నేడు అట్టి రాత్రులు తఱచైనవి. మత్తడికి వల కట్టు హక్కు మనది. వేళవచ్చినపుడు దానిని కోసివేయు ధర్మమును మనదే. కాని కోసినవాని యింట పొయ్యి వెలుగకున్నచో ఆ ధర్మము ఎన్నాళ్లు నిలుచును? అప్పుచేసి వల కొన్నవాడు ఆ రాత్రి తటపటాయించును. వానిని నిందించి లాభము లేదు. కట్ట తెగినపుడు నష్టపోవువారు పదిమంది. కట్టను నిలిపి నష్టపోవువాడు ఒక్కడు. ఆ యొక్కని నష్టమును పదిమంది పంచుకొనుటయే న్యాయము.

కావున ఈ మహాసభ యెదుట కొన్ని ప్రార్థనలను ఉంచుచున్నాను.

మొదటిది, మత్తడి నిధి. ప్రతి మత్స్య సహకార సంఘము తాను పట్టిన చేపల విలువలో నూటికొక రూపాయి ప్రక్కనుంచవలయును. కట్టక్రింది రైతులతో మాటాడి, వారును పంటనాడు కొంత కలుపునట్లు ఊరి పెద్దల యెదుట ఒడంబడిక చేసికొనవలయును. ఊరికొఱకు వల కోసినవానికి ఆ నిధినుండి నష్టము పూడ్చవలయును. మా బాపునకు ఊరు పోసిన వడ్లను, అదృష్టమునకు విడువక, ఒక యేర్పాటుగా చేయుటయే నేను కోరునది.

రెండవది, పిల్లల కుంట. పెద్దచెఱువు ప్రక్క చిన్నకుంటను త్రవ్వుకొని, వచ్చిన పిల్లలను అందు కొన్నివారములు పెంచి, వరదభయము తగ్గి, అవి జానెడైన పిమ్మట చెఱువున విడువవలయును. పెరిగిన పిల్ల ప్రవాహమునకు కొంత ఎదురీదగలదు. పక్షులకును పెద్దచేపలకును సులభముగా చిక్కదు.

మూడవది, ఎండకాలపు కట్టుబాటు. తూముకు దిగువనున్న నీటిని చివరిచుక్కవఱకు తోడకుండ రైతులతో ముందే మాటాడుకొని, చెఱువు నడుమ ఒక లోతైన మడుగును విడిచియుంచవలయును. రోహిణికి ముందే పెద్దచేపను పట్టి, గుంపును పలుచన చేయవలయును. తెల్లవాఱుజామున చేప నోరు తెఱచినచో పేడయు, కోళ్లయెరువును వేయుట మాని, మోటారుతో నీటిని పైకి చిమ్మించి గాలి కలుపవలయును.

నాలుగవది, వానపాత్ర. కౌటిల్యుని పాత్ర మనకు వేఱుగా అక్కఱలేదు. మండలములలో ప్రభుత్వపు వర్షమాపక యంత్రములు కలవు. కాని మండలమున పడిన వాన మన చెఱువుమీద పడినట్లు గాదు. ప్రతి సంఘమునకు ఒక కొలపాత్ర, ఒక పుస్తకము, హైస్కూలు చదువుచున్న ఒక బాలుడో బాలికయో చాలును. దినదినము వాన ఎంత, మత్తడి యెన్నడు దూకెను, పిల్ల యెన్నడు పోసితిమి అని వ్రాయింపుడు. పదేండ్లలో ఆ పుస్తకమే మనకు క్రొత్త కార్తెల పంచాంగ మగును. విద్యావ్యాప్తిని గూర్చి మాటాడుమన్న కార్యదర్శిగారికి నేనిచ్చు బాకీ యిదియే.

అయిదవది, హద్దురాళ్లు. ప్రతియేడు వానలకు ముందు కట్టమైసమ్మకు మ్రొక్కుటకు మనము కట్టపైకి పోవుదుము గదా! ఆ దినముననే పెద్దలును యువకులును కలిసి కట్ట యంతయు నడచి, ఎలుకబొఱియలను, తూము తలుపును, పాటుకాలువను, పూర్తి జలమట్టపు హద్దురాళ్లను పరిశీలించి, లోపములను వ్రాసి అధికారుల కందజేయవలయును. బతుకమ్మనాడు ఆడబిడ్డలు దిగు రేవు శుభ్రముగా నున్నదా యని యారోజే చూడవలయును. అమ్మవారికి ఇంతకంటె పెద్ద పూజ లేదు.

ఈ సందర్భమున కఠినమైన మాట యొకటి చెప్పక తప్పదు. చెఱువుపై హక్కు మాదంటే మాదని మనకును ముదిరాజు సోదరులకును, ఒక సంఘమునకును మఱొక సంఘమునకును వివాదములు పెరుగుచున్నవి. హక్కును విడువుమని నేను చెప్పను. కూటికి సంబంధించిన మాట యది. కాని నేనెఱిగిన యొక చెఱువున రెండు పక్షములును ఏండ్లతరబడి కాగితములు పట్టుకొని తిరుగుచుండగా, శిఖము సగము ఇండ్ల క్రిందికి పోయెను. తీర్పు వచ్చునాటికి పంచుకొనుటకు నీరు మిగులదు. చెఱువు ఎవరిదో తేలుటకు ముందు చెఱువు ఉండవలయును. హద్దురాయి దగ్గఱ ఉభయులును ఒక్కపక్షమే కావలయును.

ఇక పోషకులైన శ్రీమంతులకు ఒక విన్నపము. మీలో పట్టణములందును దూరదేశములందును స్థిరపడినవారు కలరు. దేవాలయమునకు ద్వారమును, సభకు భోజనమును మీరు ఎన్నడును లోపము చేయలేదు. ఈ యేడు ఒక్కొక్కరు ఒక్కొక్క సంఘమునకు నాలుగు తేలుడు చొక్కాలను, ఒక గట్టి త్రాడును ఇప్పింపుడు. వరద వచ్చినపుడు ఊరువారు ముందుగా పిలుచునది మన యీతగాండ్రను. ఇతరులను గాపాడబోయి మన బిడ్డ మునిగిపోరాదు. మఱియు పెబ్బేరు మత్స్యశాస్త్ర కళాశాలలో చదువదలచిన మన పిల్లలకు వేతనము నేర్పఱుపుడు. వల నేయుట తాత నేర్పును. నీటిలో ప్రాణవాయువును గొలుచుట కళాశాల నేర్పును. రెండును తెలిసినవాడు మనకు కావలయును.

లోకమంతట గాలిలో చేరిన పొగను మన మొక్కరము దింపజాలము. ఆ పొగలో మన పాలు మిక్కిలి స్వల్పము. కష్టములో మన పాలు పెద్దది. ఇది యన్యాయమే. పెద్ద రాజ్యములు దానికి సమాధానము చెప్పవలసినదే. కాని వాన మన కొఱకు ఆగదు. రాబోవు భాద్రపదమున ఏదో యొక యూరిలో, ఏదో యొక రాత్రి, నీరు కట్టమీదికి ఎక్కును. మనవాడొకడు కొడవలి పట్టుకొని మత్తడిమీద నిలుచును. ఆ క్షణమున వానికి తన బిడ్డ పెండ్లి జ్ఞాపకము రాకుండునట్లు, వాని వెనుక సంఘము నిలిచియున్నదని వానికి తెలియునట్లు చేయుట మన చేతిలో నున్నది. మత్తడి నిధి తీర్మానమును నేటి సాయంకాలపు సభలోనే అంగీకరింపవలసినదిగా మిమ్మందఱను వినయపూర్వకముగా ప్రార్థించుచు, నా యుపన్యాసమును ముగించుచున్నాను.